దసరా రద్దీకి ముందు ‘డిస్క్ ఫుల్’ టెస్టు: తీసుకోవాల్సిన జాగ్రత్తలు

వినాయక నిమజ్జనం దగ్గర్నుంచి దీపావళి దాకా హైదరాబాద్‌లో లైనక్స్ సర్వర్లు చూసుకునేవాళ్లకు తెరిపి ఉండదు. అమ్మకాలు పెరుగుతాయి, వాటితో పాటే లాగ్‌లు, డేటాబేస్ ఫైళ్లు, బ్యాకప్‌లు ఉబ్బుతాయి. సరిగ్గా అప్పుడే సద్దుల బతుకమ్మకనీ దసరాకనీ టీమ్‌లో సగం మంది ఊళ్లకు వెళ్లిపోతారు. ఆ రోజుల్లో డిస్క్ నిండితే మన సర్వీసు ఏం చేస్తుందో తెలియాలంటే ఆగస్టులోనే ఓసారి కావాలని నింపి చూడాలి. ఈ టెస్టులో జరిగే ప్రమాదాల్లో ఎక్కువ భాగానికి మూలం ఒక్కటే: నింపాలనుకున్నది ఒకటి, నిండేది ఇంకొకటి. కాబట్టి నింపే పని మొదలుపెట్టకముందే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

రూట్ పార్టిషన్ (సిస్టమ్ ఫైళ్లుండే ప్రధాన భాగం) నిండిన మెషీన్‌లో మామూలు పనులు కూడా సాగవు. బాష్ షెల్‌లో కమాండ్ సగం టైప్ చేసి ట్యాబ్ నొక్కితే ఫైల్ పేరు పూర్తికావడానికి బదులు ‘క్యానాట్ క్రియేట్ టెంప్ ఫైల్ ఫర్ హియర్-డాక్యుమెంట్’ అని వస్తుంది. ఎడిటర్ తెరుచుకుంటుంది గానీ సేవ్ అవ్వదు. ప్యాకేజీ అప్‌డేట్ మధ్యలో ఆగిపోతుంది. అందుకని అసలు డిస్క్‌ను ఎప్పుడూ నింపొద్దు. స్టేజింగ్ (విడుదలకు ముందు సరిచూసుకునే) సర్వర్ అయినా సరే, పదిమంది వాడుకునే అమీర్‌పేట ల్యాబ్ మెషీన్ అయినా సరే. టెస్టుకి వేరే ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లను డిస్క్‌లో అమర్చే ఏర్పాటు) తయారుచేసుకుని దాన్నే నింపాలి.

ఇమేజ్ ఫైల్ తయారీ

అన్నిటికంటే తేలిక లూప్ డివైస్. ఒక పెద్ద ఫైల్ (ఇమేజ్) చేసి, దాన్నే డిస్క్‌లా ఫార్మాట్ చేసి, మౌంట్ చేసుకోవడం. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనేవి లైనక్స్ ఫైల్‌సిస్టమ్ రకాలు. ఈఎక్స్‌టీ4కి 2 జీబీ చాలు. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కి కూడా అంతే తీసుకోండి, 300 ఎంబీ కంటే చిన్నదైతే కొత్త వెర్షన్ల ఎంకేఎఫ్‌ఎస్ (ఫార్మాట్ కమాండ్) ఒప్పుకోదు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కి మాత్రం కనీసం 10 జీబీ పెట్టండి. అది డేటాకి 1 జీబీ, మెటాడేటాకి (ఫైళ్ల గురించిన సమాచారానికి) 256 ఎంబీ చొప్పున చంకులు (పెద్ద ముక్కలు) విడగొట్టుకుంటూ పోతుంది. మరీ చిన్న ఇమేజ్‌లో ఆ చంకులు కుంచించుకుపోయి, అసలు సర్వర్‌లో ఉండే ప్రవర్తన కనపడదు. ఇమేజ్ పెట్టే హోస్ట్ డిస్క్‌లో దానికి రెట్టింపు ఖాళీ ఉందో లేదో డీఎఫ్‌తో (ఖాళీ చోటు చూపే కమాండ్) ముందే చూసుకోండి.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ట్రంకేట్ కమాండ్‌తో చేసిన 2 జీబీ ఫైల్ పేరుకే 2 జీబీ. అది స్పార్స్ ఫైల్, అంటే లోపల రాసేకొద్దీ హోస్ట్ డిస్క్‌లో చోటు తీసుకుంటుంది. మీరు లోపలి ఫైల్‌సిస్టమ్‌ని నింపుతున్నామనుకుంటుండగా హోస్ట్ డిస్క్ ముందే నిండిందనుకోండి, లోపలివాళ్లకు ‘చోటు లేదు’ అనే ఎర్రర్ రాదు. డిస్క్ చెడిపోయినప్పుడు వచ్చే ఐఓ ఎర్రర్ వస్తుంది. లైనక్స్‌లో చోటు లేకపోవడం ఎర్రర్ నంబర్ 28, ఈనోస్పీసీ. ఐఓ ఎర్రర్ నంబర్ 5. ఈ రెండింటికీ ఫైల్‌సిస్టమ్ స్పందించే తీరు వేరు. 28 వస్తే మామూలుగా పనిచేస్తూనే ఉండాలి. 5 వస్తే జర్నల్ (మార్పుల్ని ముందుగా రాసుకునే చిట్టా) ఆగిపోయి, రీడ్-ఓన్లీగా మారిపోవచ్చు. మీరు చేసింది చోటు అయిపోయే టెస్టే కాదన్నమాట, పైగా హోస్ట్ కూడా నిండిపోయింది.

కాబట్టి ట్రంకేట్ వద్దు, ఫాలొకేట్ వాడండి. ‘ఫాలొకేట్ -ఎల్ 2జీ’ అని ఇస్తే చోటు మొత్తం ముందే కేటాయిస్తుంది. అయితే దీంతో పని అయిపోలేదు. ఎంకేఎఫ్‌ఎస్ ఫార్మాట్ చేసేటప్పుడు డిఫాల్ట్‌గా డిస్కార్డ్ (‘ఈ బ్లాకులు ఇక అక్కర్లేదు’ అనే సందేశం) పంపుతుంది. లూప్ డివైస్ ఆ డిస్కార్డ్‌ని అందుకుని కింద ఉన్న ఫైల్‌కి చిల్లులు పొడుస్తుంది. మీరు కేటాయించుకున్న చోటంతా వెనక్కి పోయి, ఇమేజ్ మళ్లీ స్పార్స్ అవుతుంది. ఈఎక్స్‌టీ4కి ‘-ఈ నోడిస్కార్డ్’ అనీ, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లకు పెద్ద అక్షరం ‘-కే’ అనీ ఇవ్వాలి. ఫార్మాట్ అయ్యాక ఇమేజ్ మీద డీయూ (నిజంగా తీసుకున్న చోటు చూపే కమాండ్) కొట్టండి. 2 జీబీ అని చూపిస్తే సరే. పదుల ఎంబీల్లో చూపిస్తే చిల్లులు పడ్డట్టే, మళ్లీ మొదలుపెట్టండి. మౌంట్ చేసేటప్పుడు కూడా డిస్కార్డ్ ఆప్షన్ ఇవ్వొద్దు. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ అయ్యేటప్పుడు చేయాల్సిన మౌంట్ల జాబితా) ఈ మౌంట్ రాయొద్దు, రాస్తే వారానికోసారి నడిచే ఎఫ్‌ఎస్‌ట్రిమ్ టైమర్ అదే పని చేస్తుంది. హోస్ట్ ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4 గానీ ఎక్స్‌ఎఫ్‌ఎస్ గానీ అయితేనే ఈ లెక్క నిలుస్తుంది. కాపీ-ఆన్-రైట్ చేసే (పాతదాని మీద కాకుండా ప్రతిసారీ కొత్తచోట రాసే) హోస్ట్ మీద ముందు కేటాయించినా రాసేకొద్దీ కొత్త చోటు అడుగుతుంది.

టీఎంపీఎఫ్‌ఎస్ (ర్యామ్‌లో ఉండే ఫైల్‌సిస్టమ్) వాడితే సైజు తప్పకుండా ఇవ్వండి. ఇవ్వకపోతే ర్యామ్‌లో సగం దాకా పెరుగుతుంది. చిన్న వీఎంలో అయితే డిస్క్ ఫుల్ టెస్టు మెమరీ ఫుల్ టెస్టుగా మారి, కెర్నెల్ ఏదో ఒక ప్రాసెస్‌ని చంపేస్తుంది.

నిజమైన డిస్క్ మీదే చేయాల్సి వస్తే, సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ తెచ్చుకుని దాన్ని ఈ పనికే కేటాయించండి. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే పేర్లు రీబూట్‌కి తారుమారవుతాయి. ఫార్మాట్ కమాండ్‌లో ఎప్పుడూ /డెవ్/డిస్క్/బై-ఐడీ కింద సీరియల్ నంబర్‌తో ఉన్న పేరే ఇవ్వండి.

మౌంట్ పాయింట్‌కి తాళం

రెండో పెద్ద ప్రమాదం మౌంట్ ఫెయిల్ అవ్వడం. స్క్రిప్టులో మౌంట్ లైన్ ఏదో కారణంతో విఫలమై, కింది లైన్ డీడీతో (డేటా కాపీ చేసే కమాండ్) రాయడం మొదలుపెడితే ఆ రాత మొత్తం వట్టి ఫోల్డర్‌లోకి, అంటే రూట్ పార్టిషన్‌లోకి వెళ్తుంది. దీనికి రెండు అడ్డుకట్టలు వేయాలి. మొదటిది, ఫోల్డర్ చేసిన వెంటనే, మౌంట్ చేయకముందే, ‘సీహెచ్‌ఆటర్ +ఐ’ పెట్టండి. అప్పుడు ఖాళీ ఫోల్డర్‌లో రూట్ యూజర్ కూడా ఫైల్ చేయలేడు. పైన మౌంట్ అయ్యాక మాత్రం మామూలుగానే రాయొచ్చు. రెండోది, నింపే లైన్‌కి ముందు ‘మౌంట్‌పాయింట్ -క్యూ’తో చూసి, మౌంట్ లేకపోతే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోయేలా చేయండి. ఒక్కటి పెట్టి రెండోది వదిలేయొద్దు, రెండూ ఉండాలి.

ఏ యూజర్‌తో నింపుతున్నారు?

ఈఎక్స్‌టీ4 డిఫాల్ట్‌గా 5% బ్లాకులు రూట్ కోసం పక్కన పెడుతుంది. 2 జీబీ ఇమేజ్‌లో అది సుమారు 102 ఎంబీ. మామూలు యూజర్‌కి డిస్క్ నిండిపోయాక కూడా రూట్ యూజర్ ఆ 102 ఎంబీలో రాసుకుంటూ పోగలడు. సూడోతో (రూట్‌గా) నింపి, సర్వీసుని మామూలు యూజర్‌తో నడిపితే ఒక రకం ఫలితం. సర్వీసే రూట్‌గా నడుస్తుంటే ఇంకో రకం. ప్రొడక్షన్‌లో సర్వీసు ఏ యూజర్‌తో నడుస్తుందో టెస్టులోనూ అదే యూజర్ ఉండాలి. ప్రొడక్షన్‌లో ఎవరైనా ట్యూన్‌2ఎఫ్‌ఎస్‌తో ఆ 5%ని 1%కి దించి ఉంటే, ఇమేజ్‌లోనూ ‘-ఎం 1’ పెట్టండి.

నింపేటప్పుడు ఒక్క దెబ్బలో 100% తీసుకెళ్లొద్దు. 100 ఎంబీ ఫైళ్లు వరసగా ఫాలొకేట్‌తో పెట్టుకుంటూ, చివరి 50 ఎంబీ దాకా వచ్చాక ఆపండి. సర్వీసుని నడిపించి, మిగతాది 4 కేబీ బ్లాకులతో డీడీ చేత నెమ్మదిగా నింపండి. తప్పులు బయటపడేది ఆ చివరి కొన్ని కేబీల దగ్గరే. కంప్రెషన్ ఆన్ చేసిన బీటీఆర్‌ఎఫ్‌ఎస్, జడ్‌ఎఫ్‌ఎస్‌ల మీద సున్నాలతో నింపితే నిండదు, సున్నాలన్నీ నలిగి దాదాపు ఏమీ మిగలదు. అక్కడ /డెవ్/యూరాండమ్ నుంచి యాదృచ్ఛిక డేటా తీసుకోండి. 100 ఎంబీ ముక్కలుగా పెట్టడంలో ఇంకో లాభం ఉంది. చోటు ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు ఒక ముక్క తీసేస్తే చాలు.

చోటు ఉన్నా ‘చోటు లేదు’

బ్లాకులు అయిపోవడం ఒక్కటే టెస్ట్ చేసి ఆపేస్తే సగం పనే. ఐనోడ్‌లు (ఒక్కో ఫైల్ వివరాలు దాచే ఎంట్రీలు) అయిపోయినా అదే ఎర్రర్ 28 వస్తుంది. ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసేటప్పుడే ఐనోడ్‌ల సంఖ్య ఖాయమైపోతుంది. డిఫాల్ట్‌గా 16,384 బైట్లకి ఒకటి, అంటే 2 జీబీకి 1,31,072. సెషన్ ఫైళ్లు, మెయిల్ క్యూ, థంబ్‌నెయిల్స్ లాంటి చిన్న ఫైళ్లు లక్షల్లో పడే సర్వీసుకి ముంచుకొచ్చేది ఈ ముప్పే. డీఎఫ్‌లో 40% అని ఉంటుంది, ఫైల్ మాత్రం పుట్టదు. టెస్టుకి ఇమేజ్‌ని పెద్ద అక్షరం ‘-ఎన్ 2000’తో ఫార్మాట్ చేస్తే సుమారు రెండు వేల ఫైళ్ల దగ్గరే ఆ స్థితి వచ్చేస్తుంది. ‘డీఎఫ్ -ఐ’ చూడటం మీ మానిటరింగ్‌లో ఉందో లేదో కూడా అక్కడే తేలుతుంది.

కోటా (యూజర్‌కో ప్రాజెక్టుకో పెట్టిన పరిమితి) దాటితే సాధారణంగా వచ్చేది 122 నంబర్ ఎర్రర్. 28ని మాత్రమే పట్టుకునే కోడ్ దాన్ని గుర్తుపట్టదు. అదే ఎక్స్‌ఎఫ్‌ఎస్ ప్రాజెక్ట్ కోటా అయితే 28 ఇస్తుంది.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో డేటా చంకుల్లో చోటు ఉండి, మెటాడేటా నిండిపోవచ్చు. అక్కడ ఫైల్ తీసేయడానికి కూడా కొత్తగా కొంత మెటాడేటా రాయాలి కాబట్టి ఆర్‌ఎం కమాండే ‘చోటు లేదు’ అని తిరగబడవచ్చు. మామూలు డీఎఫ్‌ని నమ్మొద్దు, ‘బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ యూసేజ్’ చూడండి. టెస్టు మొదలుపెట్టే ముందే ఇంకో చిన్న లూప్ డివైస్ సిద్ధంగా పెట్టుకోండి. ఇరుక్కుపోతే ‘డివైస్ యాడ్’తో దాన్ని కలిపి, బ్యాలెన్స్ (చంకుల్ని మళ్లీ సర్దే కమాండ్) నడిపి, తర్వాత తీసేయొచ్చు. స్నాప్‌షాట్లు (ఒకనాటి స్థితిని పట్టి ఉంచే కాపీలు) ఉంటే ఫైల్ తీసేసినా చోటు రాదు, ఆ ఫైల్ ఉన్న స్నాప్‌షాట్ కూడా పోవాలి.

ఎల్‌వీఎం థిన్ పూల్ (రాసేకొద్దీ చోటు ఇచ్చే ఉమ్మడి నిల్వ) మీద నడిచే సర్వర్లకు ఇది పూర్తిగా వేరే టెస్టు. పూల్ నిండితే ఫైల్‌సిస్టమ్‌కి ఆ సంగతి తెలియదు. డిఫాల్ట్‌గా 60 సెకన్లపాటు రాతలన్నీ క్యూలో నిలబడిపోతాయి, ఆ తర్వాత ఐఓ ఎర్రర్లు మొదలవుతాయి. ఆ నిమిషంలో సర్వీసు కదలకుండా ఉండిపోతుంది, హెల్త్ చెక్ ఫెయిల్ అవుతుంది. ఈ టెస్టు తప్పనిసరిగా పారేయగలిగిన వీఎంలోనే చేయండి.

ఏం చూడాలి

అన్నిటికంటే ముందు ఐదు నిమిషాల పని ఒకటి. లైనక్స్‌లో /డెవ్/ఫుల్ అనే డివైస్ ఉంది. దానికి ఏం రాసినా ఎర్రర్ 28 ఇస్తుంది. మీ ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ని అక్కడికి మళ్లించి ఎగ్జిట్ కోడ్ చూడండి. సున్నా వస్తే ఆ ప్రోగ్రామ్ రాతలో వచ్చే ఎర్రర్‌ని చూడట్లేదని అర్థం. దీనికి డిస్క్ నింపనక్కర్లేదు, ఏ ప్రమాదమూ లేదు. అయితే అరకొర రాతలు, రీనేమ్‌లు ఇక్కడ తేలవు.

ఆ అరకొర రాత ఎలా ఉంటుందో ఎస్‌ట్రేస్‌లో (ప్రోగ్రామ్ కెర్నెల్‌ని పిలిచే కాల్స్ చూపే టూల్) కళ్లారా చూడాలి. రైట్, ఎఫ్‌సింక్ (డేటాని డిస్క్‌కి చేర్చమనడం), క్లోజ్, రీనేమ్ కాల్స్ మాత్రమే చూపించమని ‘-ఎఫ్’తో కలిపి నడపండి. డిస్క్ అంచుకి వచ్చేసరికి ప్రోగ్రామ్ 65,536 బైట్లు రాయమంటుంది, కెర్నెల్ 12,288 అని జవాబిస్తుంది. అది ఎర్రర్ కాదు, ‘ఇంతవరకే పట్టింది’ అనడం. మిగతాది రాయడానికి మళ్లీ పిలిస్తే అప్పుడు వస్తుంది 28. మొదటి జవాబుని విజయంగా లెక్కేసుకుని ముందుకెళ్లిపోయే కోడ్ రికార్డుని మధ్యలో తెంపేసి ఊరుకుంటుంది. సీ భాషలో బఫర్ ఉంటుంది కాబట్టి ప్రింట్ఎఫ్ దగ్గర ఏమీ తెలియదు, ఎఫ్‌క్లోజ్ దగ్గర తెలుస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ ఫైల్‌సిస్టమ్) మీద అయితే రైట్ అంతా బాగానే జరిగినట్టుండి, ఎఫ్‌సింక్ దగ్గరో క్లోజ్ దగ్గరో బయటపడవచ్చు. అందుకని క్లోజ్ ఇచ్చే జవాబు కూడా చూడని కోడ్‌ని రివ్యూలోనే ఆపండి. ఎంమ్యాప్‌తో (ఫైల్‌ని మెమరీలా వాడుకుంటూ) స్పార్స్ ఫైల్‌లో రాసే ప్రోగ్రామ్‌కి ఎర్రర్ కోడే రాదు. సిగ్‌బస్ సిగ్నల్ తగిలి, లాగ్‌లో ఒక్క ముక్క కూడా రాయకుండా ప్రాసెస్ చచ్చిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది మాత్రం పాత ఫైల్ మీదే కొత్తది రాయడం. కాన్ఫిగ్ ఫైల్‌ని ట్రంకేట్ చేసి తెరిచి, కొత్తది రాయబోయేసరికి చోటు ఉండదు. పాతదీ పోయింది, కొత్తదీ రాలేదు, మిగిలింది 0 బైట్ల ఫైల్. ఖాళీ అయిన ఆ కాస్త చోటు ఈలోపు పక్క ప్రాసెస్ లాగ్ మింగేసి ఉంటుంది. సర్వీసు అప్పటికి బాగానే నడుస్తుంది, తర్వాత రీస్టార్ట్ అయినప్పుడు లేవదు. దీన్ని పట్టుకోవడానికి నింపకముందు ఫైళ్లన్నిటికీ ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్ (ఫైల్ మారితే మారిపోయే గుర్తు) తీసి హోస్ట్ డిస్క్‌లో దాచండి. నిండాక సెట్టింగ్స్ సేవ్ చేయడం, లాగిన్ అవ్వడం, అప్‌లోడ్ చేయడం లాంటివి వరసగా చేసి, మళ్లీ చెక్‌సమ్‌లు పోల్చండి. ప్రతి ఫైల్ అయితే పూర్తిగా పాతదిగా ఉండాలి, లేదా పూర్తిగా కొత్తదిగా. రెండిటికీ మధ్యలో ఏది కనపడినా అది బగ్. సరిచేసే పద్ధతి: అదే ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైల్ రాసి, ఎఫ్‌సింక్ చేసి, రీనేమ్ చేసి, ఆపైన ఫోల్డర్‌ని కూడా ఎఫ్‌సింక్ చేయాలి. ఏ మెట్టు దగ్గర ఎర్రర్ వచ్చినా తాత్కాలిక ఫైల్ తీసేయాలి, లేకపోతే అవే పేరుకుపోతాయి.

బ్యాకప్ స్క్రిప్టుల్ని ఇదే కంటితో చదవండి. కొత్త డంప్ (బ్యాకప్ ఫైల్) తీసే లైన్‌కీ పాత డంప్ తీసేసే లైన్‌కీ మధ్య సెమీకోలన్ మాత్రమే ఉంటే, డంప్ సగంలో ఆగినా పాతది పోతుంది. రెండు యాంపర్‌సాండ్లు (&&) ఉండాలి, పైప్ ఉంటే ‘పైప్‌ఫెయిల్’ కూడా పెట్టాలి.

డేటాబేస్‌ల తీరు

పోస్ట్‌గ్రెస్‌లో డేటా ఫైళ్ల డిస్క్ నిండితే ఆ ట్రాన్సాక్షన్ ఎర్రర్‌తో ఆగుతుంది, సర్వర్ నిలబడుతుంది. పీజీ_వాల్ (మార్పుల్ని ముందుగా రాసుకునే ‘వాల్’ లాగ్ ఫోల్డర్) ఉన్న డిస్క్ నిండితే ప్యానిక్ అయ్యి సర్వరే పడిపోతుంది. కాబట్టి టెస్టులో ఈ రెండిటికీ రెండు ఇమేజ్‌లు పెట్టి, విడివిడిగా నింపండి. పీజీ_వాల్‌లో ఫైళ్లు చేత్తో ఎప్పుడూ తీసేయొద్దని ఆన్‌కాల్ షీట్‌లో (డ్యూటీలో ఉన్నవాళ్లు చూసే సూచనలు) పెద్దక్షరాలతో రాయండి, కంగారులో అందరి చెయ్యీ ముందు అటే వెళ్తుంది. ఎఫ్‌సింక్ ఒకసారి ఫెయిలయ్యాక రెండోసారి పిలిస్తే లైనక్స్‌లో సక్సెస్ రావచ్చు, డేటా మాత్రం డిస్క్‌కి చేరి ఉండదు. 2018లో ఈ సంగతి పోస్ట్‌గ్రెస్ వాళ్ల దృష్టికి వచ్చాకే, ఎఫ్‌సింక్ ఫెయిలైతే ప్యానిక్ అయ్యి వాల్ నుంచి రికవర్ అయ్యేలా మార్చారు. మీ సొంత కోడ్‌లో ఎఫ్‌సింక్‌కి రీట్రై లూప్ ఉంటే తీసేయండి.

మైఎస్‌క్యూఎల్ కొన్ని చోట్ల ఎర్రర్ ఇవ్వకుండా ఆగి ఎదురుచూస్తుంది. నిమిషానికోసారి చోటు వచ్చిందేమో చూస్తుంది, 10 నిమిషాలకోసారి లాగ్‌లో రాస్తుంది. అప్లికేషన్ వైపు నుంచి అది హ్యాంగ్‌లా కనపడుతుంది, కనెక్షన్ పూల్ నిండిపోతుంది. రెడిస్ స్నాప్‌షాట్ రాయలేకపోతే డిఫాల్ట్‌గా రాతలన్నీ తిరస్కరిస్తుంది. ఎలాస్టిక్‌సెర్చ్ అయితే 100% దాకా ఆగదు. 85% దగ్గర ఆ సర్వర్ మీద కొత్త షార్డులు (ఇండెక్స్ ముక్కలు) పెట్టడం చాలావరకు మానేస్తుంది, 90% దగ్గర ఉన్నవాటిని తరలిస్తుంది, 95% దగ్గర ఇండెక్స్‌ల్లో రాతలు ఆపేస్తుంది. 7.4 కంటే పాత వెర్షన్ అయితే చోటు ఖాళీ చేసినా ఆ బ్లాక్ చేత్తో తీయాల్సిందే. కుబర్నెటిస్ (కంటైనర్లని నడిపే వ్యవస్థ) నోడ్ మీద కూడా డిఫాల్ట్‌గా 10% కంటే తక్కువ ఖాళీ ఉంటే పాడ్‌లని (దాని మీద నడిచే కంటైనర్లని) వెళ్లగొట్టడం మొదలవుతుంది.

ఫైల్‌సిస్టమ్ కోడ్‌నే పరీక్షించేవాళ్లకు ఎక్స్‌ఎఫ్‌ఎస్‌టెస్ట్స్ అనే టెస్టుల సెట్‌లో ‘ఈనోస్పీసీ’ అనే గ్రూప్ ఉంది. నడిపే ముందు లోకల్ కాన్ఫిగ్‌లో స్క్రాచ్ డివైస్ ఏదని రాశారో ఇంకొకరి చేత చదివించండి. ఆ డివైస్‌ని అడక్కుండా ఫార్మాట్ చేస్తుంది.

చోటు ఇచ్చాక

100 ఎంబీ ముక్క ఒకటి తీసేసి గడియారం చూడండి. సర్వీసు తనంతట తానే కోలుకుందా, రీస్టార్ట్ కావాలా, రీస్టార్ట్‌కీ లేవట్లేదా? మూడింటిలో ఏదైతే అది ఆన్‌కాల్ షీట్‌లో రాయాలి. ఫైల్ తీసేసినా డీఎఫ్ తగ్గకపోతే, ఏదో ప్రాసెస్ దాన్ని ఇంకా తెరిచి పట్టుకుని ఉంది. ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1’ దాని పేరు చెబుతుంది. అందుకే నడుస్తున్న లాగ్‌ని తీసేయకూడదు, ‘ట్రంకేట్ -ఎస్ 0’తో ఖాళీ చేయాలి. లాగ్‌రొటేట్‌ని (పాత లాగ్‌లని పక్కకు తీసే టూల్) నమ్ముకున్నవాళ్లు గుర్తుంచుకోండి, పాత లాగ్‌ని కంప్రెస్ చేయడానికి కూడా చోటు కావాలి.

నిండి ఉన్నప్పుడే కరెంటు పోతే ఏమవుతుందో కూడా చూడాలనుకుంటే వీఎంని బలవంతంగా రీసెట్ చేయండి, యూపీఎస్ పీకే ప్రయోగాలు వద్దు. పైకి వచ్చాక ముందు ఓసారి మౌంట్ చేయండి, జర్నల్ రీప్లే అవుతుంది. తర్వాత అన్‌మౌంట్ చేసి, ఏమీ మార్చకుండా చూసే ఆప్షన్‌తోనే చెక్ చేయండి: ఈఎక్స్‌టీ4కి ‘ఈ2ఎఫ్‌ఎస్‌సీకే -ఎఫ్ -ఎన్’, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌కి ‘ఎక్స్‌ఎఫ్‌ఎస్_రిపేర్ -ఎన్’. తప్పు దొరికితే రిపేర్ చేసేముందు ఇమేజ్ కాపీ తీసి పెట్టుకోండి, బగ్ రిపోర్టుకి ఆధారం అదే.

అంతా అయ్యాక అన్‌మౌంట్ చేస్తే ‘బిజీ’ అనవచ్చు. లేజీ అన్‌మౌంట్ జోలికి పోకుండా ‘ఫ్యూజర్ -వీఎం’తో ఎవరు పట్టుకున్నారో చూసి ఆపండి. ‘లోసెటప్ -ఏ’ చూపే లూప్ డివైస్‌ల జాబితాలో ఇమేజ్ పేరు ఇంకా కనపడితే ‘-డీ’తో విడిపించండి, లేకపోతే ఇమేజ్ ఫైల్ తీసేసినా హోస్ట్‌లో 2 జీబీ అలాగే ఉండిపోతుంది. మౌంట్ పాయింట్‌కి ‘సీహెచ్‌ఆటర్ -ఐ’ ఇచ్చాకే ఫోల్డర్ పోతుంది. టెస్టు కోసం నోరు మూయించిన డిస్క్ అలర్ట్‌లు అదే రోజు, ఇంటికెళ్లకముందే మళ్లీ ఆన్ చేయండి.